సూరు ఇసుకలో మోకాళ్లు

ఊరు విడిచి ఎవరు వెళ్తున్నా సరే, సముద్రపొడ్డున మోకరించి సాగనంపితే తప్ప ముసలి షుక్రీకి ముద్ద దిగదు. అందుకే ఆ ఉదయం సముద్రం పక్కగా పోయే సైదా రోడ్డు మీద, జోరు వానలో, గొడుగు పట్టుకుని అడ్డంగా నిలబడ్డ ముసలాణ్ణి చూడగానే టాక్సీ బుత్రుస్ బ్రేకు తొక్కి, దొరికిపోయాంరా దేవుడా అనుకున్నాడు.

వెనక సీట్లో తిగిస్త్ ఒక్కతే ఉంది. ఇథియోపియా మనిషి. ఏళ్ల తరబడి సూరులో ఒకరింట వంటావార్పూ చూసి, ఇక తిరిగి రాకుండా స్వదేశం వెళ్తోంది. బేరూత్‌లో విమానం అందుకోవాలి. ఆమె పెట్టె మోసుకుని గుమ్మం దిగుతుంటే ఆ ఇంటివాళ్లు టీవీ ముందు నుంచి లేవలేదు. అది బుత్రుస్ కళ్లారా చూశాడు.

సూరంటే బైబిల్లో తూరు. క్రీస్తు బోధకుడు పౌలు ఎక్కిన ఓడ సరుకు దించడానికి ఇక్కడ ఆగింది. ఆయన బయల్దేరే రోజున ఊళ్లో విశ్వాసులు పెళ్లాం పిల్లలతో ఒడ్డుకొచ్చి, మోకాళ్లూని ప్రార్థించి పంపారు. అంతే, మరో ఘనకార్యం ఏదీ రాసిలేదు. షుక్రీకి అదే చాలు. “కొరింథుకి పౌలు ఉత్తరాలు దక్కాయి, ఎఫెసుకి అల్లరి దక్కింది, మనకి సాగనంపడం దక్కింది. అదీ వదిలేస్తే ఇంకేం మిగిలిందిరా?” అంటాడు.

పౌలు మాట సరే. పన్ను పీకించుకోవడానికి బయల్దేరిన రొట్టెల మిఖాయిల్‌కీ ఇదే మర్యాద. దవడ పట్టుకుని మూలుగుతున్నవాణ్ణి నిలబెట్టి, వీధిలో ఆడవాళ్లనీ పిల్లల్నీ పోగేసి, దీర్ఘ ప్రార్థన చేయించాడు. అప్పటినుంచి కొందరు పెరటి గోడ దూకి ప్రయాణం కడుతున్నారు. ఒకసారి నార్వే యాత్రికులు ఊరికే అలలు చూడ్డానికి ఒడ్డుకొస్తే, వాళ్లనీ కన్నీళ్లతో సాగనంపాడు. వాళ్లు వచ్చింది ఆ ముందు రోజే. మర్యాదస్తులు కాబట్టి సామాన్లు సర్దుకుని నిజంగానే వెళ్లిపోయారు. ఆ హోటలాయన షుక్రీతో మాట్లాడటం మానేశాడు.

“దిగు తల్లీ,” అన్నాడు షుక్రీ కారు తలుపు తీసి.

“విమానం పోతుంది బాబాయ్. ఈ వానకి నువ్వూ పోతావు,” అన్నాడు బుత్రుస్.

“పౌలెక్కిన ఓడవాడు నీలా గొణిగినట్టు ఎక్కడా రాయలేదురా. నువ్వూ దిగు.”

ఇసుక మీద పురుగు లేదు. ఎప్పుడూ కనీసం నలుగురు పిన్నమ్మలైనా ముక్కుతూ మూలుగుతూ వచ్చేవారు. ఇవాళ వీధి వీధంతా వాన సాకు చెప్పింది. షుక్రీ గొంతు సవరించుకుని, అందరూ నిన్ను మరీమరీ అడిగారమ్మా అని తిగిస్త్‌తో అబద్ధమాడాడు. ఆమె తల ఊపి సముద్రం వైపు తిరిగింది.

బుత్రుస్ షుక్రీని పక్కకి లాగాడు. “ఈ అమ్మాయికంటే సరే. పన్ను పీకించుకునేవాడికి కూడా ఎందుకు బాబాయ్ ఈ తతంగం?”

“అందరికీ చేస్తేనే కదరా, ఎవరూ లేనిదానికి చేసినప్పుడు అది జాలిలా కనిపించనిది.”

బుత్రుస్ ఇస్త్రీ ప్యాంటుతో సహా తడి ఇసుకలో చతికిలబడ్డాడు. బతుకులో ఎప్పుడూ మోకరించినవాడు కాదు, వాటం తెలియదు. ఆ వాలకం చూసి తిగిస్త్ ఫక్కున నవ్వింది.

“అట్లా కాదన్నా, మోకాళ్ల మీద,” అంటూ తనూ మోకరించి, తన భాషలో ఏదో చెప్పుకుంది. ముక్క అర్థం కాకపోయినా షుక్రీ ప్రతి మాటకీ ఆమెన్ అన్నాడు.

ఆమె కారెక్కి అద్దం దించేసరికి, షుక్రీ మోకాళ్ల ఇసుక దులుపుకుని, వెళ్లొస్తానని ఒక్క మాటైనా అనకుండా, ఒడ్డు వెంబడే ఊరివైపు నడిచి వెళ్తున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. గాలికి గొడుగు తిరగబడితే దానితో తగువు పెట్టుకుంటున్నాడు.

బుత్రుస్ గేరు మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు.

“విమానానికి టైముందిలే అన్నా. ఆయన్ని ఆ మలుపు తిరగనీ,” అంది తిగిస్త్.