అత్తయ్య రాసుకున్న పేర్లు

మా కోడలు కొత్త తాటాకుల మీద పసుపూ నూనే కలిపి రుద్దుతుంటే ఇల్లంతా పచ్చివాసన వేసింది. జుట్టు నెరిసాక నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. ఎందుకు నేర్చుకున్నానో మాత్రం ఇన్నాళ్లూ ఆమెకు చెప్పలేదు.

సఖినేటిపల్లి రేవు పక్కన మా పుట్టిల్లు. నేను పుట్టకముందు వచ్చిన ఉప్పెనలో మా మేనత్త అత్తవారిల్లు మొత్తం కొట్టుకుపోయిందట. ఆ రోజుల్లో పుట్టింటికి వచ్చి ఉండబట్టి ఆవిడ ఒక్కతే మిగిలింది. చిన్నప్పుడు తాతగారు నేర్పిన చదువుతో, పోయిన పదకొండుమంది గురించీ తాటాకుల మీద గంటంతో రాసుకుంది. మామగారికి పనసతొనలంటే ప్రాణమనీ, చిన్న ఆడపడుచు నవ్వితే ఎక్కిళ్లు వచ్చేవనీ, మనిషికో ఆకు. ఏటా కార్తీకమాసంలో అరుగు మీద కూర్చుని అవన్నీ పైకి చదివేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, అట్లతద్ది వెళ్లిన వారం, ఉయ్యాల తాళ్ల రాపిడికి చేతుల మంట తగ్గకముందే, గోరింటాకు ఇంకా ఎర్రగా ఉండగానే, ఆడపిల్లలందరం కొబ్బరిచెట్ల కింద బొమ్మల పెళ్లి తలపెట్టాం. అందరివీ పచ్చి తాటాకు బొమ్మలే. నా పెళ్లికూతురూ దాని చుట్టాలూ బంగారంలా మెరవాలని, నూనె పట్టి పసుపెక్కిన అత్తయ్య ఆకులన్నీ దొంగతనంగా తీసి కత్తిరించి మడిచాను. అవి ముట్టుకోకూడదని నాకు తెలుసు.

కార్తీకం వచ్చింది. అత్తయ్య అటకా, గాదె వెనకా, చివరికి పశువులశాలా వెతికింది.

"నువ్వేవైనా చూసేవా, అమ్మలూ?" అనడిగింది.

"లేదత్తయ్యా" అన్నాను.

అప్పటికి బొమ్మలు నా బుట్టలోనే ఉన్నాయి. ఇచ్చేసి ఉంటే ఆవిడ ముక్కలు కూర్చుకునేది. నన్ను ముద్దు చెయ్యడం మానేస్తుందేమోనని భయపడి, మర్నాడు వాటిని గోదాట్లో పారేశాను.

మళ్లీ రాయడానికి అత్తయ్యకు చూపు ఆనలేదు. "పేర్లు చెబుతాను, నువ్వైనా గుర్తెట్టుకోవే" అని మధ్యాహ్నాలు పిలిచేది. కూర్చుని వినలేక, తేగలు కాల్చుకునే వంకతో పారిపోయేదాన్ని. రెండేళ్లకు ఆవిడా పోయింది.

ఆ అరుగూ, ఆ ఇల్లూ ఇప్పుడు లేవు. గట్టు కోసుకుపోయి ఏట్లో కలిసిపోయాయి.

ఆకులు ఆరాక మా కోడలు, "ఏం రాస్తారండీ అత్తయ్యగారూ?" అంది. సిగ్గుతో తల దించుకుని, జరిగిందంతా చెప్పాను. ఆ పిల్ల గంటం నా చేతికిచ్చింది.

ముందు నేను చేసిన పని రాశాను. తరవాత పేర్లు. సాయంత్రందాకా కూర్చున్నా ఆరు పేర్లే గుర్తొచ్చాయి. తక్కిన అయిదుగురినీ ఏమని పిలిచేవారో చెప్పగలిగినవాళ్లు ఈ లంకల్లో ఇప్పుడెవరూ లేరు.