ముర్తుజా అతికిన వేట తుపాకీ

గల్ఫ్‌లోని అల్ ఖౌద్‌లో అజహర్ ఫర్నిచర్ షాపు వెనక షెడ్డులో ముర్తుజా తలుపులు, మంచాలు చేస్తాడు. కడప మనిషి. చెక్కపని ఎవరూ నేర్పలేదు. విరిగినవి విప్పి చూసి నేర్చుకున్నాడు. షాపులో పని తగ్గడంతో అతన్ని సోహార్ పంపి, పోర్టు దగ్గర సరుకు పెట్టెలకు మేకులు కొట్టే డ్యూటీలో వేస్తానని అజహర్ చెప్పేశాడు.

అప్పుడే ఆ ఊరి అరబ్బు ఖల్ఫాన్ తన తాత వేట తుపాకీ తెచ్చాడు. ఇంగ్లండులో చేసిన పాత డబుల్ బ్యారెల్. చేత్తో పట్టుకునే చోట, చెక్క సన్నబడిన దగ్గర, పొడవునా పగిలింది. నిజ్వా నుంచి ఒక పెద్దాయన కొంటానన్నాడు. పాత తుపాకులు పోగుచేసేవాళ్లు ఇప్పుడు మెరుపు చూడటం లేదు. చెక్క మొదటిదే కావాలి, తరాల చేతులు తగిలి తేలిన రంగు అలాగే ఉండాలి. కొత్త చెక్క వేసినా, గీకి వార్నిష్ కొట్టినా వాళ్లు ముట్టుకోరు. పైగా ఈయన పేల్చి చూసిగాని కొనడు.

"అతుకు నిలిస్తే నీకు ఈడనే పనిబల్ల ఏపిస్త. ఊడిందంటే సోహార్ బస్సెక్కుడే," అన్నాడు అజహర్.

ముర్తుజా ముందు జిగురు జోలికి పోలేదు. ఇనప భాగాలకు ఏళ్ల తరబడి వేసిన నూనె చెక్కలోకి దిగి, పగులు లోపలంతా నల్లబారింది. మెత్తటి సుద్దపొడిని థిన్నర్‌తో ముద్దచేసి పగులులోకి కూరాడు. పైరంగుకు తగలనివ్వలేదు. మిద్దె మీద ఎండలో పెట్టాడు.

"ఏంది మియా, తుపాకీకి సున్నం కొడుతున్నవా? నిన్ను పెయింటర్ పనిల పెట్టాల్సింది," అని నవ్వాడు అజహర్.

"నూనె తాగిన కట్టెకు జిగురు పట్టదు భాయ్. ఎండ ఊరికే కాస్తాంది, వాడుకోనీ."

సుద్ద నూనె పీల్చి పసుపురంగు తేలింది. దులిపి మళ్లీ కూరాడు. పెట్టిన సుద్ద తెల్లగానే రాలి, లోపల ఇక నూనె లేదని తేలిన రోజున జిగురు పట్టించి, సైకిల్ ట్యూబుతో బిగించి చుట్టాడు. సాండ్ పేపర్ తాకించలేదు. చివర్లో అవిసె నూనె అరచేత్తోనే రుద్దాడు.

షూటింగ్ క్లబ్బులో పెద్దాయన ఒక గొట్టం పేల్చి, చెక్క మీద గోరు నడిపి చూశాడు. రెండోదీ పేల్చాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని తుపాకీని ఎండలో అటూ ఇటూ తిప్పాడు.

"పగిలింది ఏ వైపు?"

ఖల్ఫాన్ వేలు చూపబోయి ఆగాడు. "ఎడమే కదా, రఫీక్?" అని, పనివాళ్లను పిలిచే మాటతో ముర్తుజాను అడిగాడు.

"కుడి," అన్నాడు ముర్తుజా.

పెద్దాయన నవ్వి తుపాకీని భుజానికి తగిలించుకున్నాడు. "ఇంట్లో ఇంకా రెండున్నాయి. ఉస్తాద్‌కు తీరికుంటుందా?"

ముర్తుజా నోరు తెరిచేలోపే అజహర్ అందుకున్నాడు. "తీరిక యాడిది సాబ్? లైన్ల ఉండాలె."

మర్నాడు సోహార్ బస్సు వచ్చి వెళ్లింది. అజహర్ షెడ్డులో టేపు పట్టుకుని బల్లకు కొలత తీస్తున్నాడు.

"ఎత్తు ఇంకొంచెం పెంచు భాయ్," అన్నాడు ముర్తుజా, "నిలబడి చేసే పని." రంపం అందుకుని ఆ బల్లకు చెక్క తానే కోశాడు.