పెద్దమ్మ తీసేసిన ‘వద్దు’

తలుపు పూర్తిగా పడకముందే లిఫ్ట్ కదులుతోంది. రెండు వేళ్ళ సందు. ఆ సందులో మా పాప చెయ్యి పెడితే?

పాపకి రెండేళ్ళు. సందు కనబడితే వేలు పెట్టే వయసు. మాది ఆరో అంతస్తు. ఫిజిక్స్ చదువుకున్న పాపానికి భయాన్ని కూడా కొలవకుండా ఉండలేను. పాపని ఇంట్లో వదిలి, బయట నిలబడి, ఇరవైసార్లు గమనించాను. పదమూడుసార్లు సందుతోనే కదిలింది. లిఫ్ట్ కంపెనీకి ఫోన్ చేస్తే, “మీ కంప్లయింట్ క్లోజ్ అయింది మేడమ్. లెటర్ కూడా పంపాం కదా” అన్నారు.

నిజమే, పంపారు. కిందటి వారం లిఫ్ట్ మధ్యలో ఆగిపోయిందని నేను రాసిన ఫిర్యాదుకి జవాబది. వాచ్‌మన్ దాన్ని లిఫ్ట్ పక్కన గోడకి అంటించాడు. నున్నటి ఇంగ్లీషు. ‘తాత్కాలిక ఏర్పాటు అమలులో ఉన్నది, వినియోగదారులు తగిన జాగ్రత్త వహించగలరు’ అని దాని భావం. నాలుగోసారి చదివినప్పుడు అర్థమైంది అది ఎవరి చెయ్యో. మా పెద్దమ్మది.

మా అమ్మకి అక్క ఆవిడ. ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా జవాబులు రాస్తోంది. అక్కడివాళ్ళు డిక్షనరీ మేడమ్ అంటారు. చిన్నప్పుడు నాకు ఇంగ్లీషు నేర్పింది తన అట్టపుస్తకంలోంచే. అడ్డు వచ్చినప్పుడు తప్పుకునే మాటలన్నీ అందులో రాసుకునేది. పక్కనుంచి జారుకునేవి ఒక పేజీ, కిందనుంచి దూరేవి ఒక పేజీ, నిలబడి కాలయాపన చేసేవి నాలుగు పేజీలు.

“డక్ అంటే తల వంచి తప్పించుకోవడం. అంట్లు తోమమంటే మీ పెదనాన్న చేసేది” అనేది. “సైడ్‌స్టెప్ అంటే పక్కకి అడుగేయడం. బీట్ అరౌండ్ ద బుష్ అంటే మన డొంకతిరుగుడే. చూశావా, వాళ్ళకీ ఒక డొంక ఉంది. కిక్ ద క్యాన్ అంటే ఖాళీ డబ్బాని తన్నుకుంటూ రేపటి దాకా తీసుకుపోవడం. మా ఆఫీసులో డబ్బాలే డబ్బాలు.”

అప్పట్లో నవ్వేది. ఈమధ్య ఇంట్లో ఆఫీసు మాటెత్తితే కళ్ళు మూసుకుంటోంది. అందుకే ఆవిడకి చెప్పకుండా అందరిలాగే ఫిర్యాదు రాశాను. ఇప్పుడు గోడమీది ఉత్తరం ఊడదీసుకుని ఆవిడ దగ్గరికే వెళ్ళాను.

కంపెనీ ఆఫీసు రెండో అంతస్తులో పొడుగాటి గది. ఆవిడ బల్లమీద ఇనుప ఊచ, దానికి గుచ్చిన మెకానిక్‌ల చీటీలు. ఫిర్యాదు నంబరే తప్ప రాసినవాళ్ళ పేరుండని ఆ చీటీ చూసి ఉత్తరం రాయాలి. ఉత్తరం వెళ్ళగానే ఫిర్యాదు మూసినట్టు లెక్క. ఆ ఉత్తరాల్లో ‘ప్రమాదం’ అనకూడదు, ‘వద్దు’ అనకూడదు, తేదీ వేసి మాటివ్వకూడదు. అది ఆ గది ఆచారం.

“పెద్దమ్మా, ఇది నువ్వు రాసిందేనా?”

అద్దాలు పైకెత్తి చూసింది. “నాదే. ఈ కామా నాదే. ఏమైందమ్మాయ్, ముఖం అలా ఉంది?”

చెప్పాను. ఆవిడ ఊచమీది చీటీలు ఒక్కొక్కటే తీసింది. మా బిల్డింగ్ చీటీ దొరికింది. మెకానిక్ వంకరటింకర అక్షరాలు: ‘డోర్ కాంటాక్ట్ పోయింది. లిఫ్ట్ కిందికి దించడానికి తీగతో బైపాస్ చేశా. మెయిన్ స్విచ్ కట్టేశా. పార్ట్ వచ్చేదాకా నడపవద్దని వాళ్ళకి రాయండి.’

తలుపు పడిందో లేదో యంత్రానికి చెప్పేది ఆ కాంటాక్టే. దాన్ని తీగతో దాటేస్తే, తలుపు తెరిచున్నా పడిందనే అనుకుంటుంది. ఉత్తరం చూసిన వాచ్‌మన్, ఏర్పాటు అమలులో ఉందన్నారు కదా అని స్విచ్ వేసేశాడు.

పెద్దమ్మ చీటీని, ఉత్తరాన్ని పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత మెకానిక్‌కి ఫోన్ చేసింది.

“తమ్ముడూ, ఆరంతస్తుల బిల్డింగు. నువ్వు ‘వద్దు’ అని రాశావు. నేను తీసేశాను.”

“అదేంటక్కా! స్విచ్ కట్టేసే వచ్చానే. ఎవడేశాడు?”

“నేనే వేశాను. ఇక్కడ కూర్చునే.”

“ముందు ఆపించక్కా. నేను సాయంత్రం వచ్చి తీగ పీకేస్తా. పార్ట్ శుక్రవారం.”

నేను వాచ్‌మన్‌కి ఫోన్ చేసి స్విచ్ కట్టించాను. పెద్దమ్మ అప్పటికే రాయడం మొదలుపెట్టింది. వెనకనుంచి మేనేజరు తొంగిచూశాడు. ఆవిడ కొడుకు వయసు ఉంటుంది.

“మేడమ్, ‘ప్రమాదం, ఎక్కవద్దు’ అని మన లెటర్‌హెడ్ మీద ఎలా పంపుతాం?”

“సరే బాబూ, లెటర్‌హెడ్ నువ్వే ఉంచుకో” అని తెల్లకాగితం లాక్కుంది. “తేదీ కూడా వేస్తున్నా. ఇప్పుడే చూసి ఒకేసారి బాధపడు, మళ్ళీ మళ్ళీ ఎందుకు?”

ఆ కాగితం తనే మా బిల్డింగ్‌కి తెచ్చి అంటించింది. స్విచ్ కట్టేసి ఉందో లేదో తనే చూసుకుంది. తర్వాత పాపని చూస్తానని మెట్లెక్కింది. ఆవిడ మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. నాలుగో అంతస్తులో గోడకి ఆనుకుని మెట్టుమీద కూలబడింది.

“నాకు రేపు సంజాయిషీ మెమో వస్తుందే. దాని మాటలు కూడా నావే, పదిహేనేళ్ళ కింద రాసిచ్చాను” అని నవ్వబోయి ఆగింది. “ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇలాంటివి ఎన్ని తీసేశానో! ఆ ఉత్తరాలు ఏ గోడలమీద ఉన్నాయో!”

మంచినీళ్ళ సీసా ఇచ్చాను.

మెమో మర్నాడే వచ్చింది. శుక్రవారం మెకానిక్ కొత్త కాంటాక్ట్ బిగించాడు. మళ్ళీ ఇరవైసార్లు చూశాను. ఒక్కసారి కూడా తలుపు పడకుండా కదల్లేదు. పెద్దమ్మ రిటైరయ్యేలోగా మిగిలిన ఏడు నెలలూ, తను తీసేసిన ‘వద్దు’ల కోసం పాత చీటీలు తిరగేస్తూ గడిపింది. జీతం ఇచ్చేది అందుకు కాదని మేనేజరు అంటూనే ఉన్నాడట.

ఇప్పుడు పాప బడి నుంచి, టీకాల ఆసుపత్రి నుంచి, చివరికి నేను పనిచేసే ల్యాబ్ నుంచి ఏ ఉత్తరం వచ్చినా పెన్సిల్ పట్టుకుని చదువుతాను. ఆరోజు మెట్టుమీద నీళ్ళు తాగి, మూత పెట్టి, పెద్దమ్మ చెప్పింది ఇదే:

“ఉత్తరం ఎంత బావుందో చూడకు తల్లీ. ఎవరు చేస్తారు, ఏరోజు చేస్తారు, ఆ రెండే వెతుకు. అవి లేకపోతే పాపని ఎత్తుకుని మెట్లెక్కు.”