అష్టమి నాటి హాజరు

డెబ్భై ఒకటో ఏట నన్నొక విశ్వవిద్యాలయం పిలిచి మరీ సీటిచ్చింది. సామాజిక విస్తరణ విద్యలో ఎం.ఏ., ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదవడమే. నాలాంటి అనుభవజ్ఞుడు తరగతిలో ఉంటే మిగతా పిల్లలు బాగుపడతారని వాళ్లు అనుకుని ఉంటారు. పిలిచిన మాట మాత్రం నిజం. ఫోనులో ఒక ప్రకటన వచ్చింది, నా వేలు తగిలింది, ఆపైన వారం రోజులు పిలుస్తూనే ఉన్నారు. అదే ప్రకటన మా పాలవాడికీ వచ్చిందని తర్వాత తెలిసింది.

విస్తరణ విద్య అంటే పుస్తకాల్లో పడి ఉన్న మంచి సంగతిని జనం దగ్గరికి మోసుకెళ్లి, వాళ్ల చేత చేయించే విద్య. చెబితే చాలదు, అలవాటు మారాలి. ఈ విద్య మీద నాకు చిన్ననాటి నుంచీ మక్కువ అని దరఖాస్తులో రాశాను. అసలు కారణం మా ఇంటి గుమ్మం పక్కన, నా పేరు బోర్డు మీద ఉంది.

ఇరవై రెండేళ్ల క్రితం, కలకత్తా పక్కనున్న లిలువాలో మా తెలుగు సంఘానికి కార్యదర్శి ఎన్నిక జరిగింది. నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. నా మీద నిలబడినాయన ఖిదిర్‌పూర్ ఓడల డాకులో గుమాస్తా, బి.కాం. ఆ బి.కాం.ను పెళ్లి శుభలేఖల్లో కూడా వేయించుకునేవాడు. అందరూ ఆయన్ని బి.కాం. గారనే పిలిచేవాళ్లు. నాది ఉద్యోగం చేస్తూ పోస్టులో పాఠాలు తెప్పించుకుని చదివిన బి.ఏ. బోర్డు మీద అదే రాయించాను. రాసిన బోర్డు ఎండలో ఆరుతుంటే చూశాను, బి.కాం. పక్కన మరీ పేలవంగా అనిపించింది. మొదటి అక్షరం మార్చమన్నాను. ఒక్క అక్షరమే కదా.

గెలిచాను. ఆ అక్షరమే గెలిపించిందని చాలాకాలం చెప్పుకున్నాను. పోలింగు రోజున పులిహోర పెట్టించింది నేనొక్కడినే అన్న సంగతి ఎక్కడా చెప్పలేదు. బోర్డు సంగతి మా ఆవిడకు తప్ప మరొకరికి తెలియదనే అనుకున్నాను.

అలా ఇరవై ఏళ్లు హాయిగా ఎం.ఏ.గా బతికాక, సంఘం స్వర్ణోత్సవం మాట వచ్చింది. అప్పటికి కార్యదర్శి బి.కాం. గారే. ప్రత్యేక సంచిక వేస్తామనీ, అందులో పాత కార్యదర్శులందరి ఫొటోలూ పట్టాల నకళ్లూ ఉంటాయనీ ప్రకటించాడు.

"మన పిల్లలు సూసి సదువుకోవాల" అన్నాడు నా వైపు తిరిగి. "నీ ఎం.ఏ. పట్టా తెచ్చిచ్చీ బావా."

"ఎప్పటికి కావాలి?"

"రెండేళ్లుంది. అంత తొందరేటి."

ఎం.ఏ. చదవడానికి పట్టేది సరిగ్గా రెండేళ్లు. ఇంటికొచ్చి ఫోను తీశాను.

నన్ను చేర్పించింది మా కోడలు. కరీంనగర్ పిల్ల, న్యూటౌన్‌లో కంప్యూటరు ఉద్యోగం. "మామయ్యా, మీకు గింత చదువు పిచ్చి ఉందని నాకు తెల్వనే తెల్వదు" అని మురిసిపోయి ఫారాలన్నీ నింపింది. బోర్డు సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే ఆ మురిపెం పోతుంది.

మొదటి తరగతిలోనే నేనొక ప్రశ్న వేశాను. జనానికి కావలసింది జనాన్ని అడగకుండా ఎవరు నిర్ణయిస్తారని. తరగతి మొత్తం నిశ్శబ్దమైపోయింది. గురువు గారు కూడా జవాబు చెప్పలేక తర్వాతి పేజీకి వెళ్లిపోయారు. ఈ సంగతి వీధిలో చాలామందికి చెప్పాను. మైకు ఆన్ చేయడం నేను నేర్చుకున్నది మాత్రం మూడో వారంలో.

అయినా చదివాను. ఇది డంబం కాదు. పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుని రోజుకు పదేసి పేజీలు. కొత్త పద్ధతి ఏదైనా వస్తే జనం అయిదు రకాలుగా విడిపోతారట. అందరికంటే ముందు పట్టుకునేవాళ్ల నుంచి, లోకమంతా మారాక గానీ కదలని వాళ్ల దాకా. భోజనాల దగ్గర మా ఆవిడకు అది వివరించాను.

"మరి నానెక్కడ?" అంది.

"చివర" అన్నాను. పుస్తకంలో అలాగే ఉందని కూడా చెప్పాను. పుస్తకంలో మా ఆవిడ లేదు.

చివరి సెమిస్టరులో క్షేత్రకార్యం. ఇరవై మందిని పోగు చేసి, ఆరు వారాలు రోజూ సాయంత్రం అరగంట ఒక మంచి పద్ధతి నేర్పాలి. ఎవరెవరు వచ్చారో హాజరు పట్టికలో సంతకాలు పెట్టించాలి. వంటింటి తొక్కలతో బకెట్లో ఎరువు చేయడం అన్న విషయం తీసుకున్నాను. మా పేటలో తొక్కలకు కొదవలేదు.

జనం కూడా సిద్ధంగానే ఉన్నారు. వర్క్‌షాపులో నాతో పని చేసి రిటైరైన వాళ్లందరినీ సంఘం వరండాకు పిలిచాను. టీ, మరమరాలు, వేడి బెగునీలు, అంటే వంకాయ బజ్జీలు. ఇరవై మందీ వచ్చారు. మొదటిరోజు పాఠం అద్భుతంగా సాగింది. కనీసం బెగునీలు అయిపోయేదాకా సాగింది. చివర్లో గళ్లు గీసిన పట్టిక చేతికిచ్చి తిప్పమన్నాను.

తిరిగొచ్చేసరికి అది నిండిపోయి ఉంది. ఆ రోజు గడి ఒక్కటే కాదు, ఆరు వారాల గళ్లన్నీ నిండాయి.

మా గ్యాంగుకు అదొక పాత ఆచారం. ఎవరింట్లోనైనా పెళ్లయితే, చావయితే, శ్రీకాకుళం బండి ఎక్కాల్సొస్తే ముందురోజే రాబోయే రోజుల సంతకాలు కానిచ్చేసేవాళ్లం. మేస్త్రీ చూసీ చూడనట్టుండేవాడు. అతనికీ శ్రీకాకుళంలో చుట్టాలుండేవారు.

"ఇదేటిరా?" అన్నాను.

"రోజూ నీకెందుకురా ఈ కష్టం" అన్నాడు ఒకప్పుడు నా పక్క బెంచీ మీద పని చేసినవాడు. "నువ్వేటి పరాయోడివా? మా తరపున నీకు పని అయిపోనాది. ఇంటికెల్లి తొంగో."

కోపమొచ్చిందని రాయాలని ఉంది. రాలేదు. చాలా సంతోషమేసింది. మర్నాటి నుంచి వరండాకు ఎవరూ రాలేదు, నేనూ వెళ్లలేదు. పాఠాలు మాత్రం ఇంట్లోనే గట్టిగా చదువుకునేవాణ్ని, పరీక్షలో ఎవరైనా అడిగితే చెప్పాలి కదా.

మూడు వారాలు గడిచాక పట్టిక పంపమన్నారు. కోడలు స్కాన్ చేసి, "మామయ్యా, ఒకసారి పంపితే మళ్ల మార్చరాదు. మంచిగ చూసిన్రా?" అంది. చూశానన్నాను. సంతకాలు ఎంత నిండుగా ఉన్నాయో చూసుకున్నాను, తేదీలు చూడలేదు.

మహాలయకు ముందురోజు మౌఖిక సమీక్ష. తెర మీద పరీక్షకురాలు, నలభై అయిదేళ్ల బెంగాలీ ఆవిడ. ఇది గట్టెక్కితే డిసెంబరులోపు పట్టా వస్తుంది, సంచికకు అందుతుంది. తప్పితే బి.కాం. గారి ముందు, పేట ముందు ఇరవై రెండేళ్ల బోర్డు అబద్ధమని తేలుతుంది.

"ఇరవై మందీ రోజూ వస్తున్నారా?" అని అడిగింది.

"ఒక్కరూ మానలేదు మేడమ్. వానలో కూడా వచ్చారు."

"దుర్గాపూజలో కూడానా? అష్టమి రోజున ఇరవై సంతకాలున్నాయి."

"అష్టమి రోజున కూడా వచ్చారు మేడమ్" అన్నాను గర్వంగా.

ఆవిడ కళ్లజోడు తీసింది. అప్పటిదాకా ఇంగ్లీషులో మాట్లాడినావిడ బెంగాలీలోకి దిగింది.

"అష్టమి వచ్చే వారం, మేషోమశాయ్."

బెంగాలీలు పెద్దవాళ్లను ఆప్యాయంగా పిలిచే పిలుపది. అంత ఆప్యాయంగా నన్నెవరూ ఉరి తీయలేదు. ఆ క్షణంలో నిజం ఒప్పేసుకున్నానని మా కోడలికి చెప్పాను. నిజానికి నేను చేసిందేమిటంటే, కదలకుండా, రెప్ప వేయకుండా, నోరు సగం తెరిచి ఉండిపోయాను. నెట్‌వర్కు పోయి తెర ఆగిపోయిందనుకుంటుందని.

కాసేపటికి ఆవిడ, "మీ వెనక ఫ్యాను తిరుగుతోంది" అంది.

అయినా కదల్లేదు. అప్పుడే మా ఆవిడ చిల్లుల బకెట్టు ఒకటి పట్టుకుని నా వెనక నుంచి నడుచుకుంటూ బాల్కనీలోకి పోయింది.

"అదేమిటి? ఆవిణ్ణి పిలవండి."

మా ఆవిడ యాభై ఏళ్లుగా చేపల బజారులో బేరమాడి నేర్చిన బెంగాలీ నా బెంగాలీ కంటే మేలు, రాగం మాత్రం శ్రీకాకుళానిది. ఆవిడ అన్నది తెలుగులో రాస్తున్నాను, వదినను పిలిచే 'బౌది' ఒక్కటే అలాగే ఉంచాను.

"ఎరువమ్మా. మూడు వారాలైనాది ఏసి."

"మీరు ఈయన క్లాసుకు వెళ్తారా?"

"నన్నెవులు పిలిసినారు? గోడవతల సదువుతుంటే ఇన్నాను. ఈయన సెప్పీదాన్లో ఎండాకుల మాట నేదు. ఉత్త తొక్కలేస్తే కంపెత్తిపోనాది. పొర మీద పొర ఆకులేసినాను, ఇప్పుడు బాగున్నాది. ఎదురింటి బౌది కూడా సూసి మొదలెట్టినాది."

పరీక్షకురాలు నా నివేదిక తిరగేసింది. "ఏడో పేజీలో రాశారు, గృహిణులు మార్పును అందరికంటే చివర అందుకుంటారని. ఏ గృహిణులు, మేషోమశాయ్?"

ఇక నెట్‌వర్కు బాగయ్యిందనిపించక తప్పలేదు. వర్క్‌షాపు ఆచారం దగ్గర్నుంచి బెగునీల దాకా అంతా చెప్పాను. ఆవిడ నవ్వింది గానీ మార్కులు వేయలేదు. పట్టిక కొట్టేసి, వచ్చే సెమిస్టరులో మళ్లీ ఆరు వారాలు చేయమంది. ఇద్దరే వచ్చినా ఫర్వాలేదు, వచ్చినవాళ్లనే రాయమంది. "మొదటి పేరు మీ ఆవిడది పెట్టండి" అని కూడా అంది.

అంటే పట్టా వేసవి దాకా రాదు. స్వర్ణోత్సవం డిసెంబరులో.

దొంగ పట్టా ఆలోచన రాలేదని నేనంటే మీరు నమ్ముతారు, ఎందుకంటే నేను నమ్మేలా రాయగలను. వచ్చింది. ఏదైనా అచ్చు వేసిచ్చే షాపు ఒకటి తెలుసు, అక్కడిదాకా వెళ్లాను కూడా. నా నిజాయితీకి ఆ రోజు షాపు పూజకు మూసి ఉండటం కొంత తోడ్పడింది.

అష్టమి మధ్యాహ్నం మండపం దగ్గర ఖిచుడీ ప్రసాదం తింటున్న బి.కాం. గారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఒక మాట చెప్పాలి బావా."

"నీకు ఎం.ఏ. నేదనే కదా" అన్నాడు, చెంచా ఆపకుండా.

"నీకెవరు చెప్పారు?" అన్నాను.

"బోర్డు రాసినోడు మా సిన్నత్త కొడుకు. అక్షరం మార్సమన్నావని ఆ రోజే సెప్పినాడు."

"ఇరవై రెండేళ్లు ఊరుకున్నావా?"

"ఏటి సేయమంటావు. ఎం.ఏ. గారి సంతకమని వార్డు ఆఫీసులో నీ అర్జీలు తీసుకున్నారు. మన వీధికి రెండు కుళాయిలొచ్చినాయి. నీ అబద్ధం సూసుకోనా, నీళ్లు సూసుకోనా?"

"మరి ఇప్పుడు పట్టా ఎందుకడిగావు?"

"యాభై ఏళ్ల పండగ కదా. కూసింత తమాసా గావాల."

"నేను నిజంగానే చదివాను బావా. రెండేళ్ల నుంచి. అన్ని పేపర్లూ పాసయ్యాను, ఒక్కటి తప్ప."

ఆయన చెంచా ఆగింది. చాలాసేపు నా మొహం వైపే చూశాడు. అబద్ధమాడేటప్పుడు నా మొహం ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు.

"నా బి.కాం.కి ఇంత కష్టపడనేదు నాను" అన్నాడు చివరికి.

డిసెంబరులో సంచిక వచ్చింది. నా ఫొటో కింద డిగ్రీ లేదు. 'మాజీ కార్యదర్శి, విద్యార్థి' అని వేయించాడు. పేజీ చూసి కోడలు ఇదేమిటని అడిగింది. అప్పుడు చెప్పాను బోర్డు సంగతి. "పోనీ మామయ్యా, ఇప్పుడైతే నిజంగనే చదువుతున్నరు కదా" అంది. మురిపెం కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు.

కొత్త సంవత్సరంలో వరండా పాఠం మళ్లీ మొదలైంది. బెగునీలు లేవు. ఏడుగురు వస్తున్నారు. మొదటి సంతకం మా ఆవిడది, రెండోది ఎదురింటి బౌదిది. ఎండాకుల పాఠం మా ఆవిడే చెబుతుంది, నేను గళ్లు గీస్తాను. పట్టిక బి.కాం. గారి దగ్గరుంటుంది. రేపటి గడి మీద ఎవరి కలం వాలినా చెయ్యి పట్టుకుంటాడు. ఇంతవరకు ఎక్కువసార్లు పట్టుకున్నది నా చెయ్యే.

మొన్న బోర్డు కూడా దించి మళ్లీ రాయించాను. ఎం.ఏ. అలాగే ఉంచి, దాని కింద 'చదువుతున్నాడు' అని చేర్పించాను. మా ఆవిడ వీధిలో నిలబడి అటూ ఇటూ తల వంచి చూసింది.

"ఆ కింది అక్షరాలు మరీ సిన్నవైపోనాయి. ఈది మీంచి అవుపడవు."

అవుపడకూడదనే అంత చిన్నగా రాయించాను.