నెలకోసారి చాలు

మా చర్చి ఫాదర్ అన్న ఒక్క వాక్యాన్ని కత్తిరించి, పెద్ద అక్షరాలు తగిలించి, నా యూట్యూబ్ ఛానెల్లో పెట్టాను. అది ఆయన అన్న మాటే, నేను కల్పించింది కాదు. చాలా రోజులు నాకు నేను చెప్పుకున్న సమాధానం అదే.

చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లే దారిలో ఒక చిన్న ఊరు మాది. కరోనాకు గుడిలో పూజలు ఆగిపోయిన రోజుల్లో, ఇంట్లో కూర్చుని ప్రతిరోజూ బైబిల్లోంచి సువిశేషం చదివి ఛానెల్లో పెట్టడం మొదలుపెట్టాను. గొంతు బాగుంటుందని కాలేజీలో అనేవాళ్లు. మెల్లగా వినేవాళ్లు పెరిగారు. పూజలు మళ్లీ మొదలయ్యాక ఫాదర్ పిలిచి, "మంచి పనేనమ్మా. కాకపోతే క్యాథలిక్ అని పేరు పెట్టుకున్నావు కాబట్టి బిషప్ గారికి ఒక ఉత్తరం రాసి అనుమతి తీసుకో" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. దేవుని వాక్యం చదవడానికి ఒకరి అనుమతి ఏమిటి అనుకున్నాను. ఉత్తరం రాయలేదు. ఆ రోజే ఛానెల్ పేరు కింద 'స్వతంత్ర క్యాథలిక్ గొంతు' అని చేర్చుకుని, ఆ మాటను చూసుకుని మురిసిపోయాను. తర్వాత సువిశేషం తగ్గింది, ప్రశ్నలు పెరిగాయి. మా ఫాదర్ చూసుకునే ఊళ్లన్నిటినీ కలిపి విచారణ అంటాం; ఆ విచారణ నిర్ణయాలు జనానికి ఎందుకు చెప్పరు, సంఘ సభ్యులను ఎవరు ఎన్నుకున్నారు, ఇలాంటివి. అడగవలసిన ప్రశ్నలే. కానీ వాక్యం చదివిన రోజు కంటే ఫాదర్‌ను ప్రశ్నించిన రోజు ఎక్కువమంది వింటున్నారన్న సంగతి నాకు బాగా తెలుసు.

మా విచారణ కింద ఐదు పల్లెలు ఉన్నాయి. అన్నిటికంటే దూరంగా ఉన్న పల్లెకు ఒక పెద్దాయన ఉపదేశి. ఫాదర్ రాలేని ఆదివారాల్లో ప్రార్థన నడిపేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ ఆయనే. ఆయనకు మతిమరుపు. అందుకని ఊళ్లో విన్న ప్రకటనలన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకుని, పల్లెకు వెళ్లి గుడి మైకు ముందు పెట్టి వినిపిస్తాడు. రికార్డు ఆపే ముందు, ప్రార్థన ముగించినట్టే, "పితకును పుత్రునకును పవిత్రాత్మకును" అని త్రిత్వ స్తోత్రం గొణుక్కుంటాడు. ఆ తర్వాతే మీట నొక్కుతాడు.

ఒక నెల విచారణ సంఘం కూర్చున్న రోజు మా పాపకు జ్వరం. సభ్యురాలినే అయినా వెళ్లలేకపోయాను. సాయంత్రం పెద్దాయన రికార్డు పంపి ఫోన్ చేశాడు.

"పాపా, నువ్వు రాలేదు గదా, ఇంటావని పంపినా. మా పల్లెకు పూజ రోజులు మార్చినారు. నీ దాంట్లో గూడా చెప్పు, ఆడోళ్లు నీ దాన్నే ఇంటారు."

పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని, శబ్దం బాగా తగ్గించి విన్నాను. "ఆ పల్లెకు నెలకోసారి చాలు" అన్నారు ఫాదర్. ఆ వెంటనే ఇంకా అన్నారు. "ఐదు పల్లెలకు ఒక్కడినే తిరగలేకపోతున్నాను. ఇంకో గురువును పంపమని బిషప్ గారిని రెండుసార్లు అడిగాను. వచ్చేదాకా ఆ పల్లెకు అన్యాయమే, నాకు తెలుసు."

ఇదంతా విన్నాను. విని, మొదటి వాక్యం మాత్రం ఉంచాను. పేదపల్లె అంటే అంత చులకనా అని తెర మీద రాశాను. ఆ ప్రశ్న వెనక వినిపించడానికి, రికార్డు చివర కుర్చీలు జరిపి అందరూ లేచిపోతున్న చప్పుడు పెట్టాను. ఆ చప్పుడులోనే పెద్దాయన గొణుగుడు ఉంది. తగ్గించి విన్న నాకు అది తెలియలేదు. ముప్పై ఏళ్లుగా ఆయన వెంట జపమాల చెప్పిన వాళ్లకు మాత్రం మొదటి మాటకే అది ఆయన గొంతేనని తెలిసిపోయింది.

ఫాదర్ నన్నేమీ అనలేదు. పెద్దాయనను పిలిచి, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నారట. పల్లె గుడి తాళంచెవి ఇంకొకరి చేతికి వెళ్లింది. ప్రకటనలైతే సరే, సంఘం మాటలను కూడా జేబులో ఫోన్ పెట్టుకుని దొంగచాటుగా రికార్డు చేశాడని విచారణంతా అనుకుంది. పెద్దాయన నా పేరు ఎత్తలేదు. నాకు ఫోన్ కూడా చేయలేదు.

వీడియో తీసేశాను. సాంకేతిక కారణాల వల్ల అని రాశాను.

"సాంకేతిక కారణాలా?" అన్నాడు మా ఆయన. "పోయి చెప్పు, కోసింది నేనేనని."

"పాప జ్ఞానస్నానం అయిపోనీ. చెప్తే ఫాదర్ ఇప్పుడు వద్దంటారేమో."

"వద్దనే మనిషైతే నీ వీడియో నిజమే గదా. ఇంక భయమెందుకు నీకు?"

జ్ఞానస్నానం అయింది. ఫాదర్ పాప నుదుటి మీద నీళ్లు పోసి, తన పైవస్త్రం కొసను అది పట్టుకుంటే నవ్వారు. పెద్దాయన చివరి వరసలో నిలబడి, అందరితో పాటు జవాబులు చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా నెలకు పైగా నోరు తెరవలేదు. పాపకు పళ్లు వస్తున్నాయనీ, సరిగా పాలు తాగడం లేదనీ రోజుకొక సాకు.

చివరకు ఎవరూ ఎరగని చోట అని తిరుపతిలోని చర్చికి వెళ్లి పాపసంకీర్తనం చేసి, నా తప్పు ఒప్పుకున్నాను. తెర అవతల ఉన్న గురువు అంతా విని, "పేరు పోయిన మనిషికి పేరు తిరిగి ఇవ్వాలి తల్లీ. ఆ పని ఇక్కడ కూర్చుని నేను చేయలేను" అన్నారు.

రెండు రోజుల తర్వాత మా ఫాదర్ ఆఫీసు గదికి వెళ్లాను. పెద్దాయన అది ఎందుకు పంపాడో, నేనేం చేశానో చెప్పాను. ఫాదర్ పూర్తి రికార్డు వినిపించమన్నారు. తన గొంతును తానే వింటూ కూర్చున్నారు.

"తర్వాత చెప్పింది కూడా అప్పుడే విన్నావా?"

"విన్నాను ఫాదర్."

"నేను కూడా ఆయనను ఒక్క మాట అడగకుండానే తాళంచెవి తీసుకున్నాను" అన్నారు.

"ఇదంతా ఛానెల్లో చెప్తాను. మీరు అనుమతిస్తే..."

"ఇన్నాళ్లూ అడగలేదు కదమ్మా."

ఇంటికొచ్చి, పెద్దాయనకు ఫోన్ చేసి ఒప్పుకున్నాక, మొత్తం రికార్డు పెట్టి, ఏది కోశానో, ఎందుకు కోశానో చెప్పాను. గంటలోపే కామెంట్లు మొదలయ్యాయి. అక్కా, మిమ్మల్ని బెదిరించారా? ఒత్తిడి ఉంటే రేపటి వీడియోలో నీలం చీర కట్టుకోండి, మాకు అర్థమవుతుంది. మీ వెనక మేమున్నాం. ఎవరూ బెదిరించలేదని ఒక్కొక్కరికీ రాశాను. రాసే కొద్దీ అనుమానం పెరిగింది. అధికారంలో ఉన్నవాళ్లు నోరు మూయిస్తారని వాళ్లకు నేర్పింది నేనే.

రెండో రోజు పెద్దాయన ఫోన్ చేశాడు. "పాపా, ఫాదరు తాళంచెవి ఇచ్చినాడు. కానీ ఈడ అందరూ మనిద్దర్నీ బెదిరించి పలికించినారంటా ఉండారు. నా మాట ఇనేటోడు లేడు. నువ్వొక తూరి రా."

ఆదివారం పాపను ఎత్తుకుని బస్సులో వెళ్లాను. ఆ వారం పూజ లేదు, పెద్దాయన నడిపే ప్రార్థనే. అది ముగిశాక ఆయన నన్ను ముందుకు రమ్మన్నాడు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. ఫోన్ ముందు తడబడకుండా చదివే నేను, అక్కడ మొదటి వాక్యాన్నే రెండుసార్లు మొదలుపెట్టాను. జరిగిందంతా ఎలాగో చెప్పాను. ముందు వరసలో ఒకామె చంకలో బిడ్డను సర్దుకుంటూ అడిగింది.

"అయితే ఫాదరు నిన్ను ఏమీ అనలేదా?"

"అనలేదు."

"మరి మా పల్లెను చులకన చేసినాడని రాసింది?"

"నేనే రాశాను."

"మమ్మల్ని ఒక్క మాట అడిగినావా, రాసే ముందర?"

"అడగలేదు" అన్నాను.

పెద్దాయన వచ్చి, ఏడుస్తున్న పాపను నా చేతుల్లోంచి తీసుకున్నాడు.