వంటింటి కంట్రోలర్

నిన్న పక్కింటి ఇంగ్లీషు పెద్దాయన కూతురు వచ్చి, నాన్న గ్యారేజీ ఖాళీ చేస్తున్నామంటూ ఒక పాత నల్ల టెలిఫోను నా చేతిలో పెట్టి వెళ్ళింది. ఆయన పోయి మూడు వారాలైంది. దాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను. మోగదని తెలుసు, అయినా లేవబుద్ధి కావడం లేదు.

ఇంగ్లండులోని ఈ స్విండన్ ఊరికి వచ్చిన కొత్తల్లో ఆఫీసులో నేను ఏ మాటన్నా, నా యాస అర్థం కాక "పార్డన్?" అనేవారు. అలాంటి నన్ను, గ్యారేజీ నిండా తాను పరుచుకున్న బొమ్మ రైలు మార్గానికి ఆ పెద్దాయన కంట్రోలర్‌ని చేశారు. శనివారం మధ్యాహ్నాలు ఆయనా, స్నేహితులు ముగ్గురూ అక్కడ రైళ్ళు నడుపుతుంటే, నేను వాళ్ళ వంటింట్లో, గ్యారేజీకి తీగ కలిపిన ఈ ఫోనూ, టైంటేబులూ, పెన్సిలూ ముందేసుకుని, ఒక్క రైలూ కంటికి కనపడకుండానే, ఏది కదలాలో ఏది ఆగాలో చెప్పేవాణ్ణి. అసలు రైల్వేలోలాగే, నేను చెప్పందే చక్రం తిరగకూడదు. "రైళ్ళన్నీ మీ మాట వింటాయి సరే, మన బాయిలర్ ఎప్పుడు వింటుందండీ?" అని మా ఆవిడ ఆటపట్టించేది. నవ్వేసేవాణ్ణి గానీ, ఈ దేశంలో నా మాట కోసం మనుషులు ఆగింది ఆ ఇంట్లోనే.

ఒకసారి ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి పెద్దాయన నడుపుతున్న గూడ్సును పక్క లైన్లో ఆపించి, టీ తాగుతూ దాని సంగతే మరిచిపోయాను. అరగంటకి గుర్తొచ్చి పరుగెత్తితే, ఆయన స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. అయ్యో, ఒక్క ఫోను కొట్టకపోయారా అంటే, కంట్రోల్ ఆగమన్నాక ఆగాలి కదా అన్నారు, ఏ కోపమూ లేకుండా.

కాలం గడిచి ఆ స్నేహితులు ఒక్కొక్కరే రావడం మానేశారు. మా ఆవిడా పోయింది. నేను తలుపేసుకున్నాను. ఈ చలికాలం మొదట్లో ఆయన కంచె మీదుగా, మనిద్దరమే అయినా ఒక శనివారం నడుపుదామా అని అడిగితే, కాస్త ఓపిక రానివ్వండి, నేనే చెబుతానన్నాను. వచ్చే వారం, ఆ పై వారం అనుకుంటూనే చలికాలమంతా గడిపేశాను.

ఆ అమ్మాయి నిన్న వెళ్తూ వెళ్తూ అంది, "నాన్న ప్రతి శనివారం ఒక్క గూడ్సు బండి పక్క లైన్లో పెట్టుకుని కూర్చునేవారు. నడపొచ్చుగా అంటే, కంట్రోల్ ఇంకా చెప్పలేదనేవారు."

ఇప్పుడు నా జేబులోని ఫోనుతో ప్రపంచంలో ఎవరినైనా క్షణంలో పలకరించవచ్చు. మధ్యలో ఒక్క గోడ ఉన్న మనిషికి మాత్రం, కదలండి అని ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆ గూడ్సు ఇంకా అక్కడే ఉందట, రేపు అట్టపెట్టెలో సర్దేస్తారు.