గురక అప్పీలు

మా ఆయన సైన్యంలో లారీలు నడిపి, రిటైరయ్యేటప్పుడు పెన్షన్‌తో పాటు గురక కూడా తెచ్చుకున్నాడు. పెన్షన్ తమదేనని సైన్యం ఒప్పుకుంది. గురక మాత్రం మీ ఇంటిదే అంది. ఆఖర్లో పరీక్ష చేసిన మెడికల్ బోర్డు ఇచ్చిన కాగితం సారాంశం అదే. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నమాట నిజమే, కానీ దానికీ సర్వీసుకీ సంబంధం లేదు, పైగా అంత ముదిరిందీ కాదు. అన్నేళ్ళ సర్వీసులో ఆయన ఒక్కసారైనా నిద్ర గురించి ఫిర్యాదు చేయలేదట.

ఎలా చేస్తాడు? వాళ్ళ యూనిట్లో ఒంట్లో బాగాలేదని డాక్టరు దగ్గరికి పోయినవాడికి పనిదొంగ అని పేరు పెట్టేవాళ్ళు. అందుకని ఏ ఆఫీసరు ఎలా ఉన్నావని అడిగినా ‘ఎక్‌దమ్ ఫస్ట్ క్లాస్, సాబ్’ అనడం ఆయనకు అలవాటైపోయింది. జ్వరంలోనూ ఫస్ట్ క్లాసే, కాలు బెణికినా ఫస్ట్ క్లాసే. కొండదారిలో బండి నడుపుతూ కునుకు పట్టి, లోయ అంచున బ్రేకు వేసిన రోజు కూడా ఫస్ట్ క్లాసే. సెలవులో ఇంటికొచ్చినప్పుడు ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

ఉద్యోగం అయిపోయి మా ఊరు సంగం వచ్చేశాక ఒకరోజు పొద్దున్నే మా వరి కయ్యకు నీళ్ళు పెట్టడానికి పోయాడు. కాలవ మడవ తీసి, గట్టు మీద కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. నీళ్ళు మా కయ్య నిండి పొర్లి పక్కవాళ్ళ నారు ముంచేశాయి. ఆ దెబ్బతో ఊళ్ళో ఆయనకు పెద్ద పేరొచ్చింది. దేశాన్ని కాపాడినాయన గట్టును కాపాడలేకపోయాడని, మిలిటరీలో తిని పడుకోవడమే నేర్పిస్తారని టీ కొట్టు దగ్గర ప్రసంగాలు మొదలయ్యాయి. చేసినవాళ్ళంతా పొద్దున కూర్చున్న బల్ల మీద నుంచి మధ్యాహ్నం అన్నానికి తప్ప లేవని మహా కష్టజీవులు.

ఆయన టీ కొట్టుకు పోవడం మానేశాడు. నాకు కడుపు మండింది. నేను అప్పీలు పట్టుకున్నది పెన్షన్‌కు ఇంకొంచెం కలుస్తుందని కాదు. ఇది సోమరితనం కాదు, ఉద్యోగంలో వచ్చిన జబ్బు అని ప్రభుత్వం చేత ముద్ర వేయించి, ఆ కాగితాన్ని తీసుకుపోయి టీ కొట్టు గోడకు అంటించాలని నా కోరిక.

మొదటి అప్పీలు పోయినదారినే తిరిగొచ్చింది. రెండోదానికి, మళ్ళీ పరీక్ష చేస్తాం రమ్మని మద్రాసు నుంచి పిలుపొచ్చింది. కోవూరులో ఒక రిటైర్డ్ సుబేదారు ఉన్నాడు, ఇలాంటి అప్పీళ్ళు రాయడంలో చెయ్యి తిరిగినవాడు. నేను అన్నా అని పిలుస్తాను. ఆయన ముందే హెచ్చరించాడు.

“సర్వీసులో వచ్చిందా లేదా అనేది నేను కాగితాల్లో కొట్లాడతా. ఎంత ముదిరిందో మాత్రం డాక్టరు కళ్ళారా చూడాల. నీ మొగుడు నోరు తెరిచి బాగుండానన్నాడంటే అంతేనమ్మా.”

రైల్లో నెల్లూరు నుంచే పాఠం మొదలుపెట్టాను.

“బాగుండానని చెప్పబాకయ్యా.”

“చెప్పనులేవే.”

“ఎట్లుండావంటే ఏమంటావు?”

“పగలంతా నిద్రొస్తాది సార్, పడుకుంటే ఊపిరాడదు సార్ అంటా.”

సూళ్లూరుపేట దాటకముందే పాఠం వింటూ నిద్రపోయాడు. అంత శ్రద్ధ గల విద్యార్థి.

బోర్డు గది బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, నున్నగా గీసిన గడ్డం, పెళ్ళిచూపులకు వచ్చినట్టున్నాడు. కొంచెం రోగిష్టిలా కనబడమని చెప్పడం మర్చిపోయాను. కాసేపటికి తల గోడకు వాలింది, గురక మొదలైంది. వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. కాపురానికొచ్చాక మొదటిసారి ఆ గురక విని సంతోషించాను.

తలుపు దగ్గరున్న అటెండరు వచ్చి, తమిళం కలిసిన తెలుగులో, “లేపమ్మా, తర్వాత మీదే” అన్నాడు.

“లేపను. డాక్టరు గారినే బయటికి రమ్మని చెప్పయ్యా. మా కేసు ఇదే” అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూసి లోపలికి పోయాడు. తిరిగొచ్చి, వస్తున్నారని చెప్పాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అంతలో గురక ఆగింది. నోరు తెరిచే ఉంది, ఛాతీ మాత్రం కదలడం లేదు. మేము మద్రాసు దాకా వచ్చింది ఇది చూపించడానికే. తలుపు వైపు చూశాను. లోపల కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది. ఆయన వైపు చూశాను. పెదాల రంగు మారుతోంది. తలుపు ఇంకా తెరుచుకోలేదు. నాకు భయమేసింది. భుజం పట్టుకుని గట్టిగా కుదిపేశాను. ఆయన ఒక్కసారిగా గాలి పీల్చి, కళ్ళు తెరిచి, అప్పుడే బయటికొచ్చిన యూనిఫాం చూసి, లేచి నిటారుగా నిలబడ్డాడు.

“ఎలా ఉన్నావు?” డాక్టరు హిందీలో మర్యాదగానే అడిగారు.

“ఎక్‌దమ్ ఫస్ట్ క్లాస్, సాబ్.”

నా పాఠమంతా పెన్నలో కలిసింది. లోపలికి తీసుకుపోయి మెడ కొలిచారు, బరువు తూచారు, మనిషి చలాకీగా ఉన్నాడని రాసుకున్నారు. కొన్నాళ్ళకు అప్పీలు కొట్టేసినట్టు కాగితం వచ్చింది. తిరుగు రైల్లోనే ఆయన నా మీద తీర్పు చెప్పేశాడు. “ఇంకొంచేపు ఆగుంటే డాక్టరు చూసుండేవాడు గదే.”

ఇప్పుడు కోర్టుకు పోతున్నాం. సుబేదారన్న ఈసారి వీడియో కావాలన్నాడు. “గురక కాడి నుంచి ఊపిరి మళ్ళీ దానంతటదే వచ్చిందాకా తియ్యమ్మా. మధ్యలో ఆపబాక.” రాత్రుళ్ళు ముక్కుకు తగిలించుకునే మిషను ఒకటుంది గానీ, పగటి నిద్రకు దాన్ని పెట్టుకోవడం మా ఆయనకు నామోషీ. అందుకని మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలగానే నేను ఫోను పట్టుకుని ఎదురుగా కూర్చుంటున్నాను.

మొన్న అన్న వచ్చి వీడియోలన్నీ ఓపిగ్గా చూశాడు. అన్నిట్లోనూ గురక ఉంది, గురక ఆగడమూ ఉంది. ఆ వెంటనే గాజుల చెయ్యొకటి వచ్చి ఆయన భుజం పట్టుకుని కుదుపుతుంది.

“ఈ చెయ్యి లేకండా ఒక్కటన్నా లేదామ్మా?” అని అడిగాడు.

“లేదన్నా” అన్నాను.